మేళా ఎవరిది, మైదానం ఎవరిది

విశ్వవిద్యాలయం కంటే ముందే దాని తిరునాళ్ళ పుట్టిన ఊరు శాంతినికేతన్. రవీంద్రుడి తండ్రి దేవేంద్రనాథ్ ఠాగూర్ 1888లో రాయించిన ట్రస్టు దస్తావేజులోనే ఏటా ఒక మేళా జరపాలన్న షరతు ఉంది. అన్ని మతాల సాధుసజ్జనులూ అక్కడ కలుసుకుని మాట్లాడుకోవాలి. విగ్రహారాధన ఉండకూడదు. మద్యం, మాంసం తప్ప ఏదైనా అమ్ముకోవచ్చు. మేళా వల్ల ఎప్పుడైనా ఆదాయం వస్తే దాన్ని మేళాకో, ఆశ్రమం బాగుకో ఖర్చు పెట్టాలి. ఇంత వివరంగా రాసిపెట్టాడాయన. ఆరేళ్ళ తర్వాత, 1894లో, మొదటి పౌష్ మేళా జరిగింది. రవీంద్రుడి బడి 1901లో, విశ్వభారతి 1921లో వచ్చాయి. ఆ నేల మీద పాఠం మొదలయ్యేనాటికే చుట్టుపక్కల పల్లెలకు అక్కడికి నడిచి రావడం అలవాటైపోయింది.

కాలిఫోర్నియాలోని డేవిస్ ఊరి కథ పాడిపశువుల దగ్గర మొదలవుతుంది. 1905లో ఆ రాష్ట్ర శాసనసభ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి ఒక వ్యవసాయ క్షేత్రం ఉండాలని చట్టం చేసింది. డేవిస్‌విల్ అనే రైలు స్టేషన్ ఊరి పక్కన భూమి కొన్నారు. 1909లో అక్కడ కొత్తగా కట్టిన పాడి కొట్టం చూడటానికి రమ్మని చుట్టుపక్కల వాళ్ళను పిలిస్తే సుమారు రెండు వేల మంది వచ్చారు. ఎవరి భోజనం వాళ్ళే మూట కట్టుకుని తెచ్చుకున్నారు. కాఫీ, మీగడ, చక్కెర మాత్రం క్షేత్రంవాళ్ళు ఇచ్చారు. అదే పిక్నిక్ డే. ఇప్పటికీ ఏటా ఏప్రిల్లో ఒక శనివారం జరుగుతుంది. డేవిస్ జనాభా 2020 లెక్కల ప్రకారం 67 వేల లోపు. ఆ ఒక్కరోజు వచ్చేవాళ్ళు అంతకు మించుతారు.

ఒకటి బ్రహ్మసమాజ ప్రార్థనలోంచి వచ్చింది, ఇంకొకటి పాల కొట్టంలోంచి. అయినా ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు చాలాకాలంగా ఉంది. రెండూ చదువు చుట్టూ పెరిగిన చిన్న ఊళ్ళు. రెండుచోట్లా సంస్థ తన తొలినాళ్ళలోనే తలుపు తీసి పొరుగువాళ్ళను రమ్మంది. రెండుచోట్లా ఆ పిలుపు అందుకున్న జనం ఊరు పట్టనంత అయ్యారు. అప్పుడు ఏ సంస్థ ఎలా నడుచుకుంది అన్నదే ఇక్కడ నా ప్రశ్న. కాలేజీ ఊరి పండగను నేను హంగుతో కొలవను, జనసంఖ్యతోనూ కొలవను. పొరుగువాడు చూసిపోవడానికే వస్తున్నాడా, ఆ పండగ ఎలా జరగాలో చెప్పే హక్కు కూడా అతనికి ఉందా అని చూస్తాను. ఈ కొలతకు నిలబెడితే సంస్కృతి లోతు శాంతినికేతన్‌ది, నడిపే పద్ధతిలో బలం డేవిస్‌ది. రెంటికీ ఒక పెద్ద లోటు కూడా ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు పౌష్ మేళా లోతు గురించి. బెంగాలీ పంచాంగంలో పౌష మాసం ఏడో రోజు దాని తొలిరోజు. మనకు డిసెంబరు 22, 23 ప్రాంతాల్లో వస్తుంది. 1843లో దేవేంద్రనాథ్ బ్రహ్మసమాజ దీక్ష తీసుకున్నది ఆ తిథినే. 1891లో గాజు గోడల ఉపాసనా గృహాన్ని ప్రారంభించిందీ ఆ తిథినే. తెల్లవారకముందే విద్యార్థులు పాడుతూ ఆశ్రమం చుట్టూ తిరుగుతారు. దాన్ని వైతాళికం అంటారు. తర్వాత ఛాతిమ్ చెట్టు కింద ప్రార్థన. మన దగ్గర ఏడాకుల పొన్న అనే చెట్టే అది. దేవేంద్రనాథ్ ధ్యానానికి కూర్చున్న చోటు కాబట్టి దానికి ఆ గౌరవం. ప్రార్థన ముగిశాక జనం మైదానం వైపు కదులుతారు. అక్కడినుంచి అది మరో లోకం. బావుల్ గాయకులు ఏక్‌తారాలతో చేరతారు. కీర్తనలు, జాత్రా నాటకాలు, సంతాల్ నృత్యాలు ఉంటాయి. ఇనప సామాను, కొయ్య సామాను, మట్టిపాత్రలు, డోక్రా బొమ్మలు, కాంథా కుట్టు చీరలు వరసలుగా పేర్చి ఉంటాయి. డిసెంబరు 25న ఉపాసనా గృహంలో క్రీస్తు స్మరణ జరుగుతుంది. రవీంద్రుడు 1910లో మొదలుపెట్టిన ఆనవాయితీ అది. అధికారికంగా మేళా ముగిశాక కూడా కొన్నాళ్ళు దుకాణాలు కదలకుండా సాగేదాన్ని భాంగా మేళా అంటారు. విడిపోతున్న మేళా అన్నమాట.

ఈ పండగ ఆ కాలంలోనే రావడానికి ప్రార్థనతో పాటు పంట కూడా కారణమైంది. బీర్భూమ్ జిల్లాలో అమన్ వరి కోతలు అప్పటికి అయిపోతాయి. రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులవి. ఏడాదికి సరిపడా ఇంటి సామాను కొనుక్కోవడానికి అదే అదను. మన సంక్రాంతి తిరునాళ్ళలో కల్లం దులిపిన రైతు బండి కట్టుకుని వచ్చినట్టే వాళ్ళూ వచ్చారు. దేవేంద్రనాథ్ కోరింది మతాల సంభాషణ. జనం దానికి సంతను జోడించారు. అది దస్తావేజుకు విరుద్ధం కాదు, దస్తావేజే అమ్మకాలకు చోటిచ్చింది. పౌష్ మేళాలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే. కలకత్తా నుంచి రవీంద్ర సంగీతం కోసం వచ్చే కుటుంబం, బోల్‌పూర్ వ్యాపారి, చేటలు కొనడానికి వచ్చిన రైతు భార్య, పొద్దున ప్రార్థనలో కూర్చున్న పూర్వ విద్యార్థి అందరూ ఒకే మైదానంలో ఉంటారు. ఎవరి మేళా వాళ్ళది, మైదానం మాత్రం ఒకటే. ప్రపంచంలో విశ్వవిద్యాలయాల ఉత్సవాలు ఎన్నో ఉండవచ్చు. ఇంతమంది వేర్వేరు మనుషుల నిజమైన అవసరాలు ఒకచోట కలిసేవి అరుదు.

డేవిస్‌లో ఈ పొరలు లేవు. అక్కడ ఉన్నది వేరే. పిక్నిక్ డే నాడు, ఆ క్షేత్రంలోంచి పెరిగిన విశ్వవిద్యాలయం తన రోజువారీ పనినే ప్రదర్శనకు పెడుతుంది. రసాయనశాస్త్రం వాళ్ళు రంగులు మారే, మంటలు లేచే ప్రయోగాల ప్రదర్శన చేస్తారు. కీటకశాస్త్రం వాళ్ళు పురుగు పిల్లను రంగులో ముంచి కాగితం మీద వదిలితే అది పాకిన దారే చిత్రమవుతుంది. దాన్ని పిల్లలు ఇంటికి తీసుకుపోతారు. పశువైద్యం వాళ్ళు పక్కలో శాశ్వత రంధ్రం అమర్చిన ఆవును చూపిస్తారు. చేతికి తొడుగు వేసుకుని దాని పొట్టలో మేత ఎలా నానుతోందో తడిమి చూడవచ్చు. గొర్రెల మందను తోలే కుక్కల పోటీ, పొట్టికాళ్ళ డాక్స్‌హండ్ కుక్కల పరుగు పందెం, ఊరి వీధుల్లో ఊరేగింపు ఉంటాయి. సాయంత్రం కాలేజీ బ్యాండు మేళాలు చెరువు గట్టున ఎదురెదురుగా నిలబడి, వాయించిన పాట మళ్ళీ వాయించకుండా గంటలకొద్దీ పోటీపడతాయి. ప్రవేశం ఉచితం.

ఇవన్నీ వినడానికి ఆటపాటల్లా అనిపిస్తాయి కానీ, వీటి వెనక ఒక గట్టి ఆలోచన ఉంది. ప్రజల పన్నులతో నడిచే సంస్థ, ఆ ప్రజలకు ఏడాదికొకసారి తన గదులు తెరిచి లెక్క చెప్పాలి. లెక్క చెప్పేది విద్యార్థులు. 1912లో ఈ ఉత్సవం నిర్వహణ విద్యార్థుల కమిటీ చేతికి వెళ్ళింది, ఇప్పటిదాకా వాళ్ళ చేతుల్లోనే ఉంది. ఇరవై ఏళ్ళ పిల్లలు ఊరి పోలీసులతో, వ్యాపారులతో, అగ్నిమాపక శాఖతో కూర్చుని మాట్లాడి డెబ్బై వేల మందికి పైగా వచ్చే రోజును నడుపుతారు. నా దృష్టిలో అక్కడ జరిగే అతి పెద్ద పాఠం అదే.

శాంతినికేతన్‌కు ఇలాంటి సంప్రదాయం లేదనుకుంటే పొరపాటు. కాకపోతే అది ఏడాది పొడవునా పరుచుకుని ఉంటుంది. వానాకాలంలో మొక్కలు నాటే వృక్షరోపణం, నాగలి పట్టే హలకర్షణం 1928లో మొదలయ్యాయి. పక్కనే ఉన్న శ్రీనికేతన్‌ను 1922 ఫిబ్రవరిలో లియొనార్డ్ ఎల్మ్‌హర్‌స్ట్‌తో కలిసి రవీంద్రుడు గ్రామ పునర్నిర్మాణం కోసం స్థాపించాడు. దాని వార్షికోత్సవం వ్యవసాయ, చేతిపనుల ప్రదర్శన. మహాలయ నాడు జరిగే ఆనందబజారులో విద్యార్థులు తాము వండినవీ, చేసినవీ అమ్మి వచ్చిన డబ్బును సేవకు ఇస్తారు. విశ్వభారతి కళాశాఖ అయిన కళాభవన్‌లో, చిత్రకారుడు నందలాల్ బోస్ పుట్టినరోజు ముందు, డిసెంబరు మొదటి రెండు రోజులు, నందన్ మేళా జరుగుతుంది. 1973లో మొదలైన ఆ మేళాలో విద్యార్థులూ ఉపాధ్యాయులూ తమ బొమ్మలు, చెక్కడాలు, కుండలు పక్కపక్కన పెట్టి అమ్ముతారు. ఆ సొమ్ము కష్టంలో ఉన్న విద్యార్థుల సహాయ నిధికి పోతుంది. గురువు గీసిన కార్డూ శిష్యుడు గీసిన కార్డూ ఒకే బల్ల మీద ఉండటంలో ఉన్న సమానత్వం నాకు చాలా ఇష్టం. డేవిస్‌లో దీనికి దగ్గరగా వచ్చేది హోల్ ఎర్త్ ఫెస్టివల్. 1969లో ఒక చిత్రకళ తరగతి పనిగా మొదలై, మే నెలలో మాతృదినోత్సవం వచ్చే వారాంతంలో విశ్వవిద్యాలయం నడిమి పచ్చికలో జరుగుతుంది. తిండి పెట్టే పళ్ళేలు కడిగి మళ్ళీ వాడేవే ఉంటాయి, చెత్త మిగలకూడదన్నది అక్కడి పట్టుదల. దాన్నీ విద్యార్థులే నడుపుతారు.

ఇక్కడ తేడా గమనించాలి. శాంతినికేతన్‌లో చిన్న మేళాలు విద్యార్థులవి. పెద్ద మేళా మాత్రం ట్రస్టుది, అధికారులది. పిల్లలు అక్కడ స్వచ్ఛందంగా పనిచేస్తారు, పాడతారు, నిర్ణయించరు. ఊరివాళ్ళూ నిర్ణయించరు. ఇన్నాళ్ళూ ఈ తేడా పెద్దగా కనిపించలేదు. గొడవ వచ్చినప్పుడు కనిపించింది.

ఆ గొడవ రెండుచోట్లా జనం పెరగడంతోనే వచ్చింది. పౌష్ మేళా 1961లో ఉపాసనా గృహం పరిసరాలు వదిలి పూర్వపల్లి మైదానానికి మారింది. తర్వాతి దశాబ్దాల్లో పర్యాటకం పెరిగింది, బోల్‌పూర్ చుట్టూ విడిది గృహాలు పెరిగాయి, చెత్త పెరిగింది. కాలుష్యం మీద కేసు జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్ళింది. దుకాణాలు గడువులోపు ఖాళీ చేయించడం మీద వ్యాపారులకూ విశ్వవిద్యాలయానికీ తగువులు ముదిరాయి. 2020 జులైలో విశ్వభారతి ఇకపై పౌష్ మేళా జరపబోమని నిర్ణయించింది. హోలీ నాటి వసంతోత్సవాన్ని కూడా బయటి జనం లేకుండా జరుపుకుంటామంది. కరోనా కాలం కాబట్టి ఆ ఏటికి అభ్యంతరం ఉండేది కాదు. కానీ మైదానం చుట్టూ గోడ కట్టడం మొదలుపెట్టారు. ఆగస్టు 17న వేలమంది జనం వచ్చి, యంత్రం పెట్టి ఆ కట్టడాన్ని కూలగొట్టారు. గేటు కూడా పడిపోయింది. ఆ తర్వాత రాజకీయ పార్టీలు, కోర్టు, కమిటీలు వచ్చాయి. 2021, 2022లలో ఆ మైదానంలో మేళా జరగలేదు. బోల్‌పూర్‌లో డాక్‌బంగళా మైదానంలో వేరుగా జరుపుకున్నారు. 2023లో ప్రభుత్వ యంత్రాంగం పూర్వపల్లిలో జరిపింది. 2024లో మళ్ళీ విశ్వభారతి, ట్రస్టు చేతుల్లోకి వచ్చింది. మధ్యలో, 2023 సెప్టెంబరులో, శాంతినికేతన్ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కింది.

కూలగొట్టడాన్ని నేను సమర్థించను. ఆస్తి ధ్వంసం, బెదిరింపు ఏ వాదానికీ బలం కావు. కానీ గోడ ఆలోచన పుట్టిన చోటే అసలు తప్పు ఉందని గట్టిగా నమ్ముతున్నాను. చెట్టు కింద పాఠం చెప్పడం కోసం నాలుగు గోడలు వద్దనుకున్న మనిషి పెట్టిన సంస్థ అది. చెత్త సమస్యకు చెత్త ఎత్తే ఏర్పాటు జవాబు. దుకాణాల గడువు సమస్యకు వ్యాపారుల సంఘంతో రాతపూర్వక ఒప్పందం జవాబు. గోడ ఈ రెంటిలో దేనికీ జవాబు కాదు. పైగా నూరేళ్ళకు మించి ఆ మేళాకు అలవాటుపడ్డ ఊరికి, ఆ నేల మీద మీ మాట చెల్లదని గోడ చెబుతుంది. ఊరు దాన్ని అలాగే అర్థం చేసుకుంది.

డేవిస్‌లో గొడవ మద్యంతో వచ్చింది. దేవేంద్రనాథ్ తన దస్తావేజులో ముందే నిషేధించిన వస్తువది. పిక్నిక్ డే నాడు పొద్దున్నుంచే తాగడం, వీధుల్లో కొట్లాటలు ఏటేటా పెరిగి, 2010 నాటి ఉత్సవం తర్వాత దాన్ని కొనసాగించాలా వద్దా అన్న మాట విశ్వవిద్యాలయం పెద్దల నోటి నుంచే వచ్చింది. అప్పుడు వాళ్ళు ఊరితో కూర్చున్నారు. 2011లో నగర కౌన్సిల్ ఊరి నడుమ కొంత భాగాన్ని ఆ రోజుకు ప్రత్యేక భద్రతా ప్రాంతంగా ప్రకటించి, ఆ హద్దుల్లో కొన్ని నేరాలకు జరిమానాను రెట్టింపు చేసింది. బార్లు, దుకాణాల యజమానులు మద్యం అమ్మకాలను అదుపులో పెట్టుకుంటామని స్వచ్ఛందంగా ఒప్పుకుంటూ సంతకాలు చేశారు. విద్యార్థుల కమిటీ తన వంతు తాను చేసింది. గొడవలు పూర్తిగా పోలేదు, ఆ తర్వాతా పోలీసులతో ఘర్షణలు జరిగాయి. కానీ ఉత్సవం నిలిచింది. అంతకుముందు 1924లో పశువులకు గాలికుంటు వ్యాధి సోకినందుకు, 1938లో భవన నిర్మాణం ఆలస్యమైనందుకు ఆగింది. 1943 నుంచి 1945 దాకా సైన్యం ఆ ప్రాంగణాన్ని వాడుకున్నందుకు ఆగింది. కరోనాలో అంతర్జాలానికి మారింది. తాగుబోతుల కారణంగా మాత్రం ఆగలేదు.

ఇంతమాత్రాన డేవిస్ అధికారులను ఆదర్శంగా నిలబెట్టడం లేదు. అదే 2011 నవంబరు 18న, హోల్ ఎర్త్ పండగ జరిగే అదే పచ్చికలో, ఫీజుల పెంపు మీద శాంతియుతంగా నేల మీద కూర్చున్న విద్యార్థుల ముఖాలపై ప్రాంగణ పోలీసు అధికారి పెప్పర్ స్ప్రే చల్లాడు. ఆ దృశ్యం ప్రపంచమంతా చూసింది. పండగను విద్యార్థులకు అప్పగించగలిగిన సంస్థ వాళ్ళ నిరసనను భరించలేకపోయింది. నమ్మకం పండగ రోజుకే పరిమితమైతే ఎంత పలుచనో అక్కడ తేలింది. అయినా మేళా విషయంలో మాత్రం ఆ ఊరు చేసిన పని నేర్చుకోదగ్గది. సమస్య ఎవరి వల్ల వచ్చిందో వాళ్ళనే పరిష్కారంలో భాగస్తులను చేశారు. బార్ యజమాని సంతకం పెట్టాడు కాబట్టి ఆ నియమం అతనిది కూడా అయింది. పూర్వపల్లి మైదానంలో గాజుల వ్యాపారిని అలా కూర్చోబెట్టి ఉంటే ఏం జరిగేదో అని నేను తరచూ అనుకుంటాను.

పండగ ఏడాదికొకసారి. వారం వారం జరిగే సంత దగ్గర ఈ రెండు ఊళ్ళ స్వభావం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

డేవిస్ రైతుబజారు 1976లో మొదలైంది. ఇసావో ఫుజిమోటో అనే గ్రామీణ సామాజికశాస్త్ర అధ్యాపకుడి తరగతుల్లో, ఆహారం ఎక్కడినుంచి వస్తోంది, చిన్న రైతు ఎందుకు నిలవలేకపోతున్నాడు అనే చర్చలు నడిచేవి. ఆ విద్యార్థుల్లోంచే కొందరు వినియోగదారుల సహకార దుకాణం పెట్టారు, రైతుబజారు పెట్టారు. అప్పట్లో రైతు తన పంటను నేరుగా అమ్మడానికి రాష్ట్ర నిబంధనలు అడ్డు. 1977లో ఆ నిబంధనలు మారి, ధ్రువీకృత రైతుబజార్ల పద్ధతి వచ్చింది. పండించినవాడే అమ్మాలి. పండించినట్టు జిల్లా వ్యవసాయ అధికారి పత్రం ఉండాలి. ఈ ఒక్క నియమం మీద ఆ సంత దాదాపు అర్ధశతాబ్దంగా నిలబడింది. శనివారం పొద్దున, బుధవారం ఊరి నడిబొడ్డున ఉన్న సెంట్రల్ పార్కులో జరుగుతుంది. పాట పాడేవాళ్ళు, సంతకాలు సేకరించేవాళ్ళు, ఎన్నికల్లో నిలబడ్డవాళ్ళు అందరూ అక్కడికే వస్తారు. మన ఉమ్మడి రాష్ట్రంలో 1999లో రైతుబజార్లు మొదలైనప్పుడు ప్రాణం పోసిన సూత్రమూ ఇదే, రైతుకు గుర్తింపు కార్డు, మధ్యలో దళారి లేకపోవడం. దళారులు ఎక్కడ మళ్ళీ దూరారో అక్కడ రైతుబజారు పేరుకే మిగిలిందని మన పట్టణాల్లో కూరగాయలు కొనేవాళ్ళకు తెలుసు.

శాంతినికేతన్ పక్కన ఖోయాయ్ ఎర్రమట్టి గట్ల మీద, సోనాఝురి చెట్ల కింద, ఒక శనివారపు హాట్ ఉండేది. కళాకారిణి శ్యామలీ ఖాస్తగీర్ చొరవతో మొదలైంది. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు తాము కుట్టినవీ, అల్లినవీ, వండినవీ నేల మీద గుడ్డ పరిచి పెట్టుకుని, పొద్దుగూకేలోపు సర్దుకునిపోయే చిన్న సంత. ఎంతో అందమైన ఊహ. దానికి డేవిస్ సంతకు ఉన్నట్టు రాతలో ఉన్న నియమం లేదు. చేసినవాడే అమ్మాలని ఎవరూ కాగితం మీద పెట్టలేదు. పేరు పెరిగేకొద్దీ శనివారం కాస్తా దాదాపు రోజువారీ అయింది. టోకున తెచ్చి అమ్మేవాళ్ళు చేరారు. చుట్టూ విడిదులు లేచాయి. ఇప్పుడక్కడ చేతిపని వెతుక్కోవాలి. అభిరుచి ఎంత గొప్పదైనా దానికి కాపలాగా ఒక చిన్న నియమం లేకపోతే సొమ్ము దాన్ని మింగేస్తుంది. బెంగాల్ సాంస్కృతికంగా ఎంత సంపన్నమో తెలిసినవాడిని కాబట్టే ఈ మాట బాధతో రాస్తున్నాను.

శాంతినికేతన్ మన తెలుగువాళ్ళకు పరాయి ఊరు కాదు. రాయప్రోలు సుబ్బారావు అక్కడికి వెళ్ళివచ్చాడు. బెజవాడ గోపాలరెడ్డి అక్కడే చదువుకుని, బెంగాలీ నేర్చి, రవీంద్రుడిని తెలుగు చేశాడు, ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రీ అయ్యాడు. 1919లో మదనపల్లె థియోసాఫికల్ కళాశాలలో కూర్చుని రవీంద్రుడు జనగణమనకు ఇంగ్లీషు చేశాడు. అది చేసిందీ ఒక చిన్న కాలేజీ ఊరిలోనే. అటు డేవిస్ తరహా సంప్రదాయమూ మనకు అందింది. 1964లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు తీసుకున్న నమూనా అమెరికా ల్యాండ్ గ్రాంట్ కళాశాలలది. పరిశోధన, బోధన, పల్లెకు చేర్చడం మూడూ ఒకేచోట ఉండాలన్నది ఆ నమూనా. ఇప్పటికీ జరిగే కిసాన్ మేళాలకు మూలం అక్కడుంది. రైతు వస్తాడు, కొత్త వంగడం చూస్తాడు, విత్తనం కొనుక్కుంటాడు. ఎంతో విలువైన పని. కానీ చాలా చోట్ల అది వేదిక, ఉపన్యాసం, స్టాళ్ళ దగ్గరే ఆగిపోతుంది. తమ పిల్లలు చదివే గదులు, పరిశోధనశాలలు పక్క వీధి కుటుంబానికి తెరుచుకోవు.

ఇంజనీరింగు కాలేజీల ఉత్సవాలు దీనికి ఇంకో కొస. వరంగల్ ఎన్ఐటీలో స్ప్రింగ్‌స్ప్రీ, టెక్నోజియాన్ లాంటివి విద్యార్థులే గొప్ప శక్తితో నడుపుతారు. డేవిస్ పిల్లల సామర్థ్యం మన పిల్లలకూ ఉందనడానికి అవే రుజువు. ఐతే ఇలాంటి ఉత్సవాల పిలుపు ఎక్కువగా ఇతర కాలేజీల విద్యార్థులకే. ప్రహరీ బయట టీ కొట్టు నడిపే ఆయన కూతురికి ఆ మూడు రోజుల్లో రోబో దగ్గరికి వెళ్ళి ముట్టుకునే వీలుండాలని ఏ కమిటీ అయినా తలుచుకుంటే ఒక్క ఏడాదిలో చేయగలదు. తలుపులు తెరిస్తే ఏమవుతుందో తెలంగాణ ఉద్యమ కాలంలో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు జరిగిన బతుకమ్మల్లో చూశాం. ఆ రాతి మెట్ల ముందు అమ్మాయిలూ, బస్తీల తల్లులూ ఒకే వలయంలో తిరిగారు. దానికి ఎవరూ స్పాన్సరు లేరు. అది విద్యార్థులు పిలిస్తే ఊరు వచ్చిన పండగ.

మొదట్లో చెప్పిన లోటు గురించి ఇప్పుడు.

డేవిస్ చుట్టూ కనుచూపు మేర టమాటా పొలాలు. 1960ల్లో ఆ విశ్వవిద్యాలయంలోనే జాక్ హానా యంత్రపు దెబ్బకు చితకని టమాటా రకాన్ని తయారుచేశాడు. కోబీ లోరెంజన్ దాన్ని కోసే యంత్రాన్ని తయారుచేశాడు. కొద్ది ఏళ్ళలోనే చేత్తో కోసే కూలీల పని పోయింది, వాళ్ళలో ఎక్కువమంది మెక్సికన్లు. ప్రజల సొమ్ముతో జరిగే పరిశోధన పెద్ద కమతాలకే మేలు చేస్తోందని 1979లో కూలీల పక్షాన దావా పడింది. పదేళ్ళు నడిచి, పైకోర్టులో విశ్వవిద్యాలయమే గెలిచింది. పిక్నిక్ డే తన రోజువారీ పనిని ప్రజలకు చూపించే రోజు అని పైన మెచ్చుకున్నాను. ఆ పని వల్ల బతుకు మారిపోయిన కూలీ అక్కడ ఎక్కడున్నాడు? అంతకంటే ముందు ఆ నేల పాట్విన్ తెగ ఆదివాసులది. ప్రాంగణంలో మొండావి కళా కేంద్రం కట్టడానికి తవ్వినప్పుడు వాళ్ళ పూర్వీకుల అవశేషాలు బయటపడ్డాయి. తర్వాత తెగవాళ్ళతో మాట్లాడి, ఆర్బోరేటంలో వాళ్ళ స్మృతికి ఒక తోట వేశారు. ఆలస్యంగానైనా వాళ్ళను సంప్రదించి చేసిన పని కాబట్టి దానికి విలువ ఉంది. ఉత్సవంలో మాత్రం ఆ సంప్రదింపు ఇంకా కనిపించదు.

శాంతినికేతన్‌కు పొరుగువాళ్ళు సంతాలులు. నందలాల్ బోస్ బొమ్మల్లో, రామ్‌కింకర్ బైజ్ 1938లో కంకర, సిమెంటుతో చేసిన సంతాల్ కుటుంబం శిల్పంలో వాళ్ళు అజరామరంగా ఉన్నారు. తట్టలో బిడ్డను మోసుకుంటూ కుటుంబమంతా నడిచిపోతున్న ఆ శిల్పం మన దేశపు ఆధునిక శిల్పకళలోనే ఒక మైలురాయి. పౌష్ మేళాలో వాళ్ళ నృత్యం ఉంటుంది, వాళ్ళు అమ్మే వస్తువులు ఉంటాయి. సోనాఝురిలో డబ్బు పెట్టి వాళ్ళతో కలిసి నాలుగు అడుగులు వేసి ఫోటో తీసుకునే పర్యాటకులూ ఉంటారు. కళలో అంత గౌరవం పొందినవాళ్ళు నిర్వహణలో ఎక్కడ ఉన్నారని అడిగితే జవాబు దొరకదు. మైదానం ట్రస్టుదా, విశ్వవిద్యాలయానిదా, ప్రభుత్వానిదా, బోల్‌పూర్ వ్యాపారులదా అని ఇన్నేళ్ళు వాదించుకున్నప్పుడు ఏ పక్షమూ సంతాల్ పల్లెలను ఒక పక్షంగా లెక్కపెట్టలేదు.

ఈ విషయంలో రెండు ఊళ్ళలో ఏది మెరుగో తేల్చమంటే నేను డేవిస్ వైపు కొద్దిగా మొగ్గుతాను. అక్కడ దారి ఉంది. విద్యార్థుల కమిటీలో కూలీల పిల్లలు చేరవచ్చు, ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయంలో లాటినో విద్యార్థుల సంఖ్య తక్కువేమీ కాదు. వాళ్ళు తలుచుకుంటే వచ్చే ఏప్రిల్లో టమాటా యంత్రం పక్కనే దాని వల్ల పని పోయినవాళ్ళ కథను కూడా పెట్టగలరు, ఎవరి అనుమతీ ప్రత్యేకంగా అడగనక్కర్లేదు. శాంతినికేతన్‌లో పెద్ద మేళాకు అలాంటి దారి లేదు, వేయాలి. నందన్ మేళాను యాభై ఏళ్ళుగా నడుపుతున్న విద్యార్థులు, శ్రీనికేతన్‌లో పల్లెలతో కలిసి పనిచేసిన అనుభవం ఉన్న సిబ్బంది, బోల్‌పూర్ వ్యాపారుల సంఘం, సంతాల్ పల్లెల పెద్దలు కలిసిన ఒక సమితికి పౌష్ మేళా లెక్కలు, స్థలాలు, గడువులు అప్పగించవచ్చు. దస్తావేజులో దేవేంద్రనాథ్ పెట్టిన షరతుల్లో దీనికి అడ్డొచ్చేది ఒక్కటీ లేదు.